అరగని టైరు

బావమరిది: బావా, కారు బాగుందని మీరే ఒప్పుకున్నారు. 2017 స్విఫ్ట్, పెట్రోలు, ఒక్కటే చెయ్యి, మీటరు మీద 18 వేల కిలోమీటర్లు. విజయవాడలో రిటైరైన దంపతులు గుడికీ ఆసుపత్రికీ తప్ప బయటికి తీయలేదు. మీరు ఇంజను చప్పుడు విన్నారు, క్లచ్ తొక్కారు, వంగి కింద తుప్పు వెతికారు. ఏ వంకా దొరక్క చివరికి టైర్లు నాలుగూ మార్చమంటున్నారు. అవి అరిగితే కదా! కొత్త టైరు గాడి 8 మిల్లీమీటర్లనుకుంటే వీటికి ఇంకా 6 ఉంది. గాడి అడుగున పోసే హెచ్చరిక గట్టు 1.6 దగ్గర ఉంటుంది. ఇదే లెక్కన అరిగితే అక్కడిదాకా రావడానికి ఇంకో 40 వేల కిలోమీటర్లు పడుతుంది.

బావ: అరగలేదు, నిజమే. నేను అరుగుదల మాట ఎత్తనే లేదు. టైరు పక్కన అండాకారపు గడిలో నాలుగంకెలుంటాయి. చదివావా?

బావమరిది: చదివాను. 2217.

బావ: 2017లో 22వ వారం. అంటే మే నెలాఖరు, జూన్ మొదలు. 2000 నుంచి ఇదే పద్ధతి: మొదటి రెండంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. నీ టైర్లకి 8 ఏళ్లు దాటాయి.

బావమరిది: దాటనివ్వండి. కారు తయారైంది 2017 జులైలో, అంటే ఇవి ఫ్యాక్టరీలో బిగించినవే. అదే వాటి మీద 2021 అనో 2022 అనో ఉంటే మీరేమనేవారు?

బావ: మీటరు తిప్పారనేవాణ్ణి. 18 వేలు తిరిగిన కారుకి టైర్లు మార్చే పనే రాదు. యాభై, అరవై వేలు తిప్పి, టైర్లు కొత్తవేసి, మీటరు వెనక్కి తిప్పి అమ్మేవాళ్లకి కరువా? సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాడు మీటరు కంటే ముందు టైరు మీద అంకె చూడాలి.

బావమరిది: అంటే ఈ కారు తక్కువ తిరిగిందని మనకి నమ్మకం కలిగించినవి ఈ టైర్లే. వాటి సాక్ష్యం మీద కారు కొని, మర్నాడే ముసలివని గెంటెయ్యమంటారు.

బావ: సాక్ష్యం నమ్మితే మొత్తం నమ్మాలి. తక్కువ తిరిగిందని చెప్పిన అంకే, ఎన్నేళ్లు నిలబడి ఉందో కూడా చెప్పింది. అల్మారాలో ఏళ్ల తరబడి పడున్న రబ్బరు బ్యాండు తీసి లాగి చూడు. వాడలేదు కదా అని సాగుతుందా? ఆక్సిజన్ రబ్బరుతో కలిసి దాన్ని గట్టిపరుస్తుంది, తర్వాత పెళుసు చేస్తుంది. టైరు విషయంలో ఇది బయటి నుంచి మాత్రమే జరిగే పని కాదు. లోపల మనం కొట్టించిన గాలి ఒత్తిడి మీద ఉంటుంది, రబ్బరు పొరల్లోంచి కొద్దికొద్దిగా బయటికి ఊరుతూనే ఉంటుంది. నెల తిరిగేసరికి గాలి తగ్గడం అందుకే. ఆ దారిలోనే ఉక్కు తీగల పట్టీలున్నాయి, వాటిని పట్టి ఉంచే రబ్బరు ఉంది. అక్కడ పట్టు సడలితే ఏదో ఒకరోజు వేగంలో పైతొక్క మొత్తం ఊడి వస్తుంది. గాడి 6 మిల్లీమీటర్లుందా 2 ఉందా అన్నది దానికి పట్టదు.

బావమరిది: మరి పగుళ్లు కనపడాలి కదా? నేను టార్చి వేసి చూశాను. గాడుల మధ్య, రిమ్ము అంచున, ఎక్కడా గీత లేదు. సెల్లార్‌లో ఎండ తగలకుండా ఉన్న కారు.

బావ: ముందు ఆ నల్లటి పాలిష్ కడిగి చూడు. అమ్మే ముందు ప్రతివాడూ టైర్లకి మెరుపు రాస్తాడు, సన్న పగుళ్లు దాని కింద దాక్కుంటాయి. కడిగాకా కనిపించలేదనుకో, సంతోషం. కానీ పైన కనిపించేవి ఎక్కువగా ఓజోన్ పగుళ్లు. లోపలి పట్టీల దగ్గర జరిగేది వేరు, అది పైకి కనిపించి తీరాలని లేదు. ఇంకో సంగతి విను. టైరు రబ్బరులో మైనం, ఓజోన్‌ని అడ్డుకునే మందులు కలుపుతారు. బండి తిరిగేకొద్దీ టైరు నలిగి అవి పైకి వస్తాయి, పొరలా కాపాడతాయి. నిలబెట్టిన బండికి ఆ సేవ అందదు. నువ్వు గొప్పగా చెప్పుకుంటున్న 18 వేలే ఈ టైర్లకి శాపం.

బావమరిది: అయితే ఆర్టీసీ మాటేమిటి? వాళ్లు టైరు అరిగితే పారెయ్యరు. అదే పాత టైరుకి రీబటన్ వేసి మళ్లీ బిగిస్తారు. దాని మీద యాభైమందిని ఎక్కిస్తారు. సర్కారు బస్సుకి పనికొచ్చిన పాత టైరు నా చిన్న కారుకి పనికిరాదా?

బావ: మంచి ప్రశ్న, కానీ నీ వైపు పనిచెయ్యదు. ఆర్టీసీ టైరు రోజుకి వందల కిలోమీటర్లు తిరుగుతుంది. ముసలితనం రాకముందే బటన్ అరిగిపోతుంది. మిగిలిన చట్రం వయసులో చిన్నది, రీబటన్‌కి ముందు దాన్ని లోపలా బయటా చూసే మనిషి డిపోలో ఉంటాడు. నీ టైర్లని ఎనిమిదేళ్లలో ఒక్కరైనా రిమ్ము నుంచి తీసి చూశారా? ఆ పెద్దాయన ఎన్ని నెలలు గాలి కొట్టించకుండా నిలబెట్టాడో, ఏ గుంతలో దింపాడో నీకు తెలుసా?

బావమరిది: తెలియదు. అది ఒప్పుకుంటాను. కొత్త కారు కొన్నవాడికి తన టైరు చరిత్ర తెలుస్తుంది, నాకు తెలియదు. కానీ తెలియని చోట తయారుచేసినవాడి మాట వినాలి కదా. మిషెలిన్ కంపెనీ ఏం చెబుతోంది? అయిదేళ్లు దాటాక ఏటా ఒకసారి నిపుణుడికి చూపించు, తయారై పదేళ్లయితే మాత్రం ఎలా ఉన్నా మార్చెయ్యి, స్టెప్నీ సహా. పదేళ్లు! వాళ్లు టైర్లు అమ్ముకునేవాళ్లు బావా. నాలుగేళ్లకే మార్చమంటే వాళ్లకే లాభం. లాభం వదులుకుని పదేళ్లని చెప్పినవాణ్ణి ఎందుకు అనుమానించాలి? మన మోటారు వాహనాల నియమాల్లోనూ సొంత కారు టైరుకి వయసు పరిమితి లేదు.

బావ: పదేళ్లన్నది ఆఖరి గడప. అక్కడిదాకా క్షేమంగా చేరుస్తానని ఎవరూ హామీ ఇవ్వలేదు. మధ్యలో ఏటేటా పరీక్ష అన్న షరతు ఉంది, నీ టైర్లకి ఆ పరీక్షలు జరగలేదు. కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్లకే మార్చమంటాయి, వాళ్లు టైర్లు అమ్ముకోరు. అంటే లాభాపేక్ష తర్కం రెండు వైపులా తిరుగుతుంది. అసలు సంగతి ఎండ. వేడి పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం ఉజ్జాయింపుగా రెట్టింపవుతుంది. అమెరికా రహదారి భద్రతా సంస్థ జనం వాడిన టైర్లని సేకరించి వయసు ప్రభావం పరీక్షించడానికి ఎంచుకున్న ఊరు అరిజోనాలోని ఫీనిక్స్. ఎందుకంటే అక్కడి ఎండ అలాంటిది. మనకి రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయని సామెతే ఉంది. విజయవాడలో ఎనిమిది వేసవులు చూసిన రబ్బరు, చలిదేశంలో ఎనిమిదేళ్లున్న రబ్బరు ఒకటేనా?

బావమరిది: విజయవాడ ఎండకి జవాబు లేదు. సెల్లార్‌లో ఉందని చెప్పుకోవచ్చు గానీ సెల్లార్ కూడా విజయవాడలోనే ఉంది.

బావ: అదే సంస్థ 2007లో అమెరికా కాంగ్రెస్‌కి ఇచ్చిన నివేదికలో ఒక పెద్ద బీమా కంపెనీ లెక్కలున్నాయి. టెక్సస్, కాలిఫోర్నియా, లూసియానా, ఫ్లోరిడా, అరిజోనా. ఈ అయిదు వేడి రాష్ట్రాల్లో ఆ కంపెనీ పాలసీదారులు 27 శాతమే. టైర్లకి సంబంధించిన క్లెయిముల్లో మాత్రం 77 శాతం అక్కడి నుంచే వచ్చాయి. వాటిలో 84 శాతం ఆరేళ్లు దాటిన టైర్లవి.

బావమరిది: ఆ అంకెలు భయపెడతాయి, నిజమే. కానీ అవి ఏం లెక్కపెట్టాయో చూడండి. పోయిన టైర్లని లెక్కపెట్టాయి. ఆరేళ్లు దాటి ఏమీ కాకుండా తిరిగే టైర్లు ఎన్ని కోట్లో అందులో లేవు. ఆ పోయినవాటిలో ఎన్ని అరిగినవి, ఎన్నిట్లో గాలి తక్కువ, ఎన్నిటి మీద బరువు ఎక్కువ? పాత టైరు ఉండేది ఎక్కువగా పాత కారుకి, అదీ పట్టించుకోని ఓనరు చేతిలో. వయసుని నిందించామో నిర్లక్ష్యాన్ని నిందించామో ఆ 84 చెప్పదు. ఎదురు ఉదాహరణ నేనిస్తాను. 2000లో ఫైర్‌స్టోన్ కంపెనీ లక్షలకి లక్షల టైర్లు వెనక్కి పిలిచింది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ కార్లకి వాటి తొక్క ఊడిపోయి అమెరికాలో 270 మందికి పైగా చనిపోయారు. అవి ముసలి టైర్లా? కావు. తయారీలో లోపం, తక్కువ గాలి, ఎండ, వేగం. ఈ కథలో అసలు దోషి వయసు కాదు.

బావ: వయసొక్కటే చంపుతుందని నేననలేదు. కానీ నీ కథలోనే చూడు, తొక్క ఊడటానికి కలిసొచ్చినవేమిటి? ఎండ, వేగం, గాలి, పట్టు సడలిన పొరలు. ఆ సడలింపు అక్కడ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది, ఇక్కడ కాలం నుంచి వస్తుంది.

(ఈ జవాబు చురుగ్గా ఉంది గానీ, బావమరిది అడిగినదానికి పూర్తి సమాధానం కాదని రాస్తున్నవాడి అభిప్రాయం.)

బావమరిది: బావా, ఈ కారు ఎలా తిరుగుతుందో అది చూడండి. ఇంటి నుంచి ఆఫీసుకి ట్రాఫిక్‌లో గంటకి 30, 40 కిలోమీటర్లు. పక్కన ఒక మనిషి, వెనక లంచ్ బ్యాగు. ఈ నడకకి ఎనిమిదేళ్ల టైరు పేలుతుందా? నాలుగు టైర్లకి 20 వేలు ఖర్చుపెట్టే బదులు గాలి కొట్టే చిన్న పంపు కొని, పదిహేను రోజులకోసారి డోరు పక్క స్టిక్కరు మీద రాసినంత గాలి పెట్టుకుంటాను. కొత్త టైర్లు వేయించి గాలి చూడనివాడి కంటే నేనే క్షేమంగా ఉంటాను. కాదనండి చూద్దాం.

బావ: కాదనను. అది నీ వాదనల్లో అన్నిటికంటే గట్టిది. గాలి తక్కువైతే కొత్త టైరైనా వేడెక్కి చస్తుంది. కానీ నువ్వు చెప్పిందంతా ఏడాదిలో మూడొందల రోజుల సంగతి. మిగిలిన రోజుల్లో ఏం చేస్తావో నాకు తెలుసు. మే నెలలో మీ అక్కనీ అమ్మనీ పిల్లల్నీ ఎక్కించుకుని, తిరుగు ప్రయాణంలో డిక్కీ నిండా నూజివీడు మామిడిపళ్లు వేసుకుని, మధ్యాహ్నం రెండింటికి విజయవాడ హైవే ఎక్కుతావు. హైదరాబాద్ చేరాక ఔటర్ రింగ్ రోడ్డు. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద 2023 నుంచి 120 వేగానికి అనుమతి ఉంది, అనుమతి ఉన్నచోట మన కాలు ఆగదు. ఎండ, బరువు, వేగం మూడూ ఒకే రోజు కలుస్తాయి. ఎనిమిదేళ్ల టైరుకి నువ్వు పెట్టే అసలు పరీక్ష ఆ రోజు, అదీ ఇంటిల్లిపాదీ కారులో ఉండగా.

బావమరిది: అయితే ఆ రోజు రైలెక్కుతాను. నవ్వకండి, నిజంగానే అంటున్నాను. ఒక్క ప్రయాణం కోసం నాలుగు టైర్లు మార్చేకంటే నలుగురికి శాతవాహన టిక్కెట్లు చవక.

బావ: ఎక్కుతావో లేదో మే నెలలో చూస్తాను. పోనీ, ఊళ్లోనే తిరుగుతావనుకో. వాన పడదా? గట్టిపడ్డ రబ్బరు తడి రోడ్డుని పట్టుకోదు. గాడి లోతు నీళ్లని బయటికి తోస్తుంది, అది నీకుంది, ఒప్పుకుంటాను. రోడ్డుని పట్టుకునేది రబ్బరు మెత్తదనం. జూన్‌లో మొదటి వానకి, నూనె తేలిన రోడ్డు మీద, ముందు బైకువాడు ఠక్కున ఆగితే 40 వేగంలో కూడా ఆ తేడా తెలుస్తుంది.

బావమరిది: ఆ తేడా ఎంత? అడుగా, పదడుగులా? ఎవరి టైరు గట్టిదనం ఎవరు కొలిచారు? గోరుతో నొక్కి చూసి పంక్చర్ షాపువాడు ‘గట్టిపడిపోయింది సార్’ అంటాడు. వాడి పక్కనే కొత్త టైర్ల దొంతర ఉంటుంది.

బావ: షాపువాడి మాట నమ్మొద్దు, అందులో మనిద్దరికీ తగాదా లేదు. ఇంకో దేశం అనుభవం చెబుతాను. 2012 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లో ఒక సంగీత ఉత్సవం నుంచి కుర్రాళ్లని తీసుకొస్తున్న బస్సుకి ముందు టైరు పేలి ముగ్గురు చనిపోయారు. ఆ టైరు వయసు 19 ఏళ్లు దాటింది. బస్సు కంటే టైరే పాతది. గాడి మాత్రం చట్టం అడిగినంత ఉంది, అందుకే ఎవరూ పట్టించుకోలేదు. ఆ కుటుంబాలు ఏళ్ల తరబడి పోరాడాక 2021 ఫిబ్రవరి నుంచి అక్కడ లారీలు, బస్సుల ముందు చక్రాలకి పదేళ్లు దాటిన టైర్లు నిషేధించారు. అరగని టైరు క్షేమమన్న నమ్మకాన్ని ఒక దేశం చట్టం చేసి కొట్టేసింది.

బావమరిది: ఒప్పుకుంటాను, కానీ ఆ చట్టం గీత గీసింది పదేళ్ల దగ్గర. అదీ బస్సులకీ లారీలకీ. సొంత కార్లని వదిలేసింది. 19 ఏళ్ల టైరు చూపించి 8 ఏళ్ల టైరుని భయపెట్టకండి. మీ తర్వాతి ఉదాహరణ నాకు తెలుసు, కారు ప్రమాదంలో పోయిన హాలీవుడ్ నటుడు పాల్ వాకర్. 2013లో పోర్షె కరెరా జీటీ, దాని టైర్లకి 9 ఏళ్లు. అదీ తక్కువ తిరిగిన కారే. ఆ కేసులో దర్యాప్తు చేసిన అధికారులు తేల్చింది అతివేగమే కారణమని.

బావ: టైర్ల వయసు వల్ల కారు అదుపు తగ్గి ఉండవచ్చని కూడా వాళ్లే అన్నారు. అయినా ఆ ఉదాహరణ నేను వాడను. నలభై అయిదు మైళ్ల పరిమితి ఉన్న రోడ్డు మీద దానికి దాదాపు రెట్టింపు వేగంతో వెళ్లిన కారు గురించి టైర్లని అడగడం అన్యాయం. దాని బదులు మన దేశం కేసు తీసుకో. 2010లో పుణె నుంచి ముంబై వెళ్తున్న కారు వెనక టైరు పేలి, కారు లోయలో పడి మనిషి చనిపోయాడు. నష్టపరిహారం ఇవ్వకుండా బీమా కంపెనీ ఇది దైవఘటన అని వాదించింది. 2023లో బాంబే హైకోర్టు ఆ మాట ఒప్పుకోలేదు. టైరు పేలడం దైవఘటన కాదు, మనిషి నిర్లక్ష్యం అంది. బయల్దేరే ముందు టైరు స్థితి చూసుకోవడం డ్రైవరు పని, ఓనరు పని అంది.

బావమరిది: స్థితి అంది బావా, వయసు అనలేదు. వేగం, గాలి ఎక్కువతక్కువలు, వేడి, సెకండ్‌హ్యాండ్ టైర్లు, ఇవీ ఆ తీర్పులో వచ్చిన కారణాలు.

బావ: సెకండ్‌హ్యాండ్ టైర్లని నువ్వే అన్నావు. నీ కారుకి ఉన్నవేమిటి?

బావమరిది: ఆ దెబ్బ తగిలింది. కానీ డబ్బు లెక్క ఇంకా మిగిలే ఉంది. 165/80 ఆర్14 టైరు ఒక్కోటి నాలుగున్నర వేలు పైన. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్, వాల్వులు కలిపి 20 వేలు. ఇన్సూరెన్సు, పేరు మార్పిడి, సర్వీసింగ్ ఇప్పుడే అయ్యాయి. ఇంటి అప్పు కట్టేవాడికి 20 వేలంటే మాటలు కాదు. పైగా మంచి రబ్బరు పారెయ్యడం నాకు పాపమనిపిస్తుంది. అవి వెళ్లేది ఏ పొయ్యిలోకో, ఏ బట్టీలోకో. నల్ల పొగ వేరే ఊరివాళ్లు పీలుస్తారు.

బావ: పొగ విషయంలో నాకు జవాబు లేదు. డబ్బు విషయంలో ఉంది. ఆ అంకె కారు కొనకముందే చదివి ఉంటే ధరలోనే 20 వేలు తగ్గించమనేవాడివి. టైర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 అయింది. ఎప్పటికైనా మార్చాల్సినవే కదా, ఏడాదో రెండేళ్లో ముందు మారుస్తున్నావు. నువ్వు నిజంగా కోల్పోయేది ఆ రెండేళ్ల వాడకం ఖరీదు, మొత్తం 20 వేలు కాదు. ఒకటి మాత్రం చెప్తాను. షాపులో కొత్త టైరని ఇచ్చేది కూడా రెండేళ్లు గోడౌన్‌లో మగ్గినది కావచ్చు. రిమ్ముకి ఎక్కించకముందే అంకె చదువు, నచ్చకపోతే వేరేది తెమ్మను.

బావమరిది: ఇప్పుడు రెండు, వచ్చే ఏడాది రెండు మారిస్తే?

బావ: నాకు నచ్చదు గానీ, ఏమీ చెయ్యకపోవడం కంటే మేలు. కొత్తవి వెనక వేయించు.

బావమరిది: వెనకా? ఇంజను లాగేది, స్టీరింగు తిరిగేది ముందు చక్రాలైతే!

బావ: అందరూ ముందే వేయిస్తారు, షాపులోనూ అదే చెప్తారు. ముందు టైరు పట్టు జారితే కారు తిన్నగా జారుతుంది, యాక్సిలరేటరు వదిలితే మళ్లీ చేతికొస్తుంది. వెనక పట్టు జారితే కారు గిర్రున తిరుగుతుంది, దాన్ని నీలాంటివాడూ నాలాంటివాడూ ఆపలేం. మిషెలిన్ చెప్పేదీ ఇదే. నువ్వు ఇందాక నమ్మిన కంపెనీయే కదా.

బావమరిది: వెనక రెండిటికి ఒప్పుకుంటాను. ముందు రెండు మాత్రం రిమ్ము నుంచి తీయించి, లోపలా బయటా చూపించి, ఉబ్బు గానీ గీత గానీ లేకపోతే మీ మాట మీద కాకుండా వాటి స్థితి మీద నిర్ణయిస్తాను.

బావ: లోపల చూస్తే తొడుగు కనిపిస్తుంది, పట్టీల మధ్య పట్టు కనిపించదు. నేను నాలుగూ మార్చమనే అంటున్నాను.

బావమరిది: నేను రెండు చాలనే అంటున్నాను. అవి మారేదాకా ఈ కారు ఊరు దాటదు, మామిడిపళ్ల కోసమైనా సరే. అది సరే గానీ, డిక్కీలో ఎప్పుడూ కిందకి దిగని స్టెప్నీ కూడా ఉంది నాకు, అదీ 2017దే. దాని సంగతి మనిద్దరం ఇంతసేపూ మరిచాం. మీ కారు కొని పదకొండేళ్లయింది కదా బావా, టైర్లు రెండుసార్లు మార్చారు. స్టెప్నీ ఏ సంవత్సరానిదో ఇవాళ ఇంటికెళ్లి చూడండి.